నోటర్ డేమ్ వసతి గృహాలు: అమ్మాయిలకు వేరు, అబ్బాయిలకు వేరు, నియమం మాత్రం ఒక్కటే

అమెరికాలో డిగ్రీ చదువుకు పిల్లల్ని పంపాలనుకునే తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రుల్లో, ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం మీద ఒక ప్రత్యేకమైన నమ్మకం ఉంది. అది కాథలిక్కుల విశ్వవిద్యాలయం, అక్కడ అమ్మాయిల హాస్టళ్లు వేరు, అబ్బాయిల హాస్టళ్లు వేరు, కనుక విజయవాడలోనో హైదరాబాదులోనో గర్ల్స్ హాస్టల్లో చేర్పించినంత నిశ్చింతగా ఉండవచ్చునని వారు భావిస్తారు. నిశ్చింతగా ఉండటానికి తగిన కారణాలు అక్కడ నిజంగానే ఉన్నాయి. అయితే ఆ కారణాలను చాలామంది వెతకవలసిన చోట వెతకడం లేదు. మా అమ్మాయి అక్కడ చదువుకున్న కాలంలోనూ, ఆ తర్వాత మా వదినగారి అబ్బాయి చేరినప్పుడూ ఆ వసతి గృహాల్లోకి వెళ్లి చూసి, అక్కడి పెద్దలతో మాట్లాడి, నియమావళి చదివి గ్రహించిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ పద్ధతి డిగ్రీ విద్యార్థులకు మాత్రమే. మన రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లేవారిలో ఎక్కువమంది ఎం.ఎస్. చదవడానికే వెళతారు. అటువంటివారికి, అక్కడ హాళ్లు అని పిలిచే ఈ వసతి గృహాలతో సంబంధం ఉండదు. వారు విశ్వవిద్యాలయం వారి అపార్ట్‌మెంట్లలోనో, పక్కనే ఉన్న సౌత్ బెండ్ ఊళ్లో అద్దె ఇళ్లలోనో ఉంటారు.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన, హోలీ క్రాస్ అనే కాథలిక్ మఠ సభకు చెందిన గురువు ఎడ్వర్డ్ సోరిన్ 1842లో స్థాపించిన ఈ సంస్థలో డిగ్రీ చదువు 130 ఏళ్లపాటు అబ్బాయిలకే పరిమితమై ఉండేది. 1889 నాటి సోరిన్ హాల్ ఇక్కడి వసతి చరిత్రలో ఒక మలుపు. అంతకుముందు పెద్ద గదుల్లో వరుసగా మంచాలు వేసి పడుకోబెట్టేవారు. ఆ భవనంతోనే విద్యార్థికి సొంత గది అనే ఏర్పాటు మొదలైంది. 1972లో, ఫాదర్ థియోడోర్ హెస్‌బర్గ్ అధ్యక్షులుగా ఉన్నప్పుడు, డిగ్రీలో అమ్మాయిలకు ప్రవేశం కల్పించారు. మొదటి సంవత్సరం చేరిన 365 మంది కోసం అప్పటివరకు అబ్బాయిలు ఉంటున్న బేడిన్, వాల్ష్ హాళ్లను ఖాళీ చేయించి ఇచ్చారు. అమెరికాలోని మిగతా విశ్వవిద్యాలయాలు అదే కాలంలో ఇద్దరినీ ఒకే భవనంలో ఉంచే పద్ధతికి మారుతుండగా, నోటర్ డేమ్ మాత్రం ఒక హాల్ ఒకరికే అన్న నియమాన్ని వదలలేదు. విద్యలో లింగ వివక్షను నిషేధిస్తూ అదే 1972లో అమెరికా చేసిన టైటిల్ నైన్ చట్టం కూడా, నివాస వసతిని స్త్రీ పురుషులకు విడివిడిగా ఏర్పాటు చేయడానికి అనుమతి ఇచ్చింది. నేడు ముప్పైకి పైగా ఉన్న ఈ హాళ్లన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఇక తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడే విషయానికి వస్తాను. అక్కడ పరైటల్స్ అని పిలిచే సందర్శన వేళల నియమం ఒకటి ఉంది. ఆదివారం నుంచి గురువారం వరకు అర్ధరాత్రి పన్నెండు దాటాక, శుక్ర, శని వారాల్లో రాత్రి రెండు దాటాక, అమ్మాయిల హాల్‌లోని గదుల్లో అబ్బాయిలు గానీ, అబ్బాయిల హాల్‌లోని గదుల్లో అమ్మాయిలు గానీ ఉండకూడదు. ఈ నియమం గురించి విని, రాత్రి పన్నెండుకు పిల్లలు హాస్టల్లోకి వచ్చేయాలని అర్థం చేసుకున్నవారిని నేను చాలామందిని చూశాను. అది నిజం కాదు. తన హాల్‌కు తాను ఎన్ని గంటలకు తిరిగి రావాలన్నది విద్యార్థి ఇష్టం. గ్రంథాలయంలో తెల్లవారుజాము వరకు చదువుకుని వచ్చిన అమ్మాయి తన కార్డుతో తలుపు తెరుచుకుని లోపలికి వెళ్తుంది. ఎక్కడికి వెళ్లావని అడిగేవారు ఉండరు, రిజిస్టరులో సంతకం పెట్టే పని ఉండదు, ఇంటికి ఫోన్ వెళ్లదు. నియమం అతిథుల మీదే గాని నివాసి మీద కాదు. అర్ధరాత్రి దాటాక కూడా కలిసి చదువుకోవలసిన అమ్మాయిలు, అబ్బాయిలు ఉంటే, వారికోసం హాళ్లలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఉమ్మడి గదులు ఉన్నాయి.

ఈ నియమం అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే గంటకు, ఒకే విధంగా వర్తించడం నాకు అన్నిటికన్నా నచ్చింది. మన దేశంలో చాలాచోట్ల అమ్మాయిల హాస్టల్ గేటుకు చీకటి పడేసరికి తాళం పడుతుంది, ఎదురుగా ఉన్న అబ్బాయిల హాస్టల్ గేటు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. భద్రత పేరుతో ఆడపిల్లను మాత్రమే లోపల ఉంచే ఈ పద్ధతిని ప్రశ్నిస్తూ 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ (పంజరాన్ని విరగ్గొట్టు) పేరుతో ఉద్యమం చేశారు. ఆడవారికీ మగవారికీ వేరువేరు భవనాలు ఉన్నంత మాత్రాన వేరువేరు న్యాయాలు ఉండనక్కరలేదని నోటర్ డేమ్ హాళ్లు చూపిస్తున్నాయి. ఆడపిల్లలను చదివించే ప్రతి కుటుంబమూ, హాస్టళ్లు నడిపే ప్రతి యాజమాన్యమూ ఈ ఒక్క విషయాన్ని శ్రద్ధగా గమనించాలని నా కోరిక. మన దగ్గర రాత్రి ఎనిమిదింటికి గ్రంథాలయం నుంచి లేచి రావలసిన అమ్మాయి, పదకొండింటి దాకా అక్కడే చదువుకునే అబ్బాయితో అదే పరీక్షలో పోటీ పడుతోంది.

మరి భద్రతకు ఆధారం తాళం కాకపోతే ఏమిటి? మనుషులు. ప్రతి హాల్‌లో రెక్టర్ అనే పెద్ద ఒకరు ఉంటారు. అమ్మాయిల హాళ్లకు మహిళలు, అబ్బాయిల హాళ్లకు పురుషులు ఈ బాధ్యతలో ఉంటారు. కొందరు హోలీ క్రాస్ సభకు చెందిన ఫాదర్లు, కొందరు సిస్టర్లు, బ్రదర్లు, మరికొందరు మఠాలతో సంబంధం లేని సామాన్య గృహస్థులు. వీరు ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఉద్యోగులు కారు. విద్యార్థులు ఉండే భవనంలోనే వీరి కాపురం. వీరికి తోడుగా సహాయ రెక్టర్లు ఉంటారు. వారు సాధారణంగా పై చదువులు చదివేవారు. వారి తర్వాత ప్రతి అంతస్తుకూ లేదా భాగానికీ ఆర్.ఏ.గా, అంటే రెసిడెంట్ అసిస్టెంట్‌గా, నాలుగో సంవత్సరం విద్యార్థి ఒకరు. అంటే కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల పిల్లకు పక్క గదిలో అక్క వయసువారు, కింది అంతస్తులో పిన్ని వయసువారు ఉన్నట్లే.

ఆగస్టు నెలలో పిల్లల్ని దింపే రోజున ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడవచ్చు. హాల్ ముందు కారు ఆగీ ఆగగానే, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న సీనియర్ విద్యార్థినులు వచ్చి డిక్కీ తెరిచి, పెట్టెలూ పరుపూ చిన్న ఫ్రిజ్జూ తలా ఒకటి అందుకుని మెట్లెక్కేశారు. మేము తెచ్చిన పచ్చడి సీసాల అట్టపెట్టెను ఒక అమ్మాయి పసిబిడ్డను ఎత్తుకున్నట్లు రెండు చేతులతో పట్టుకుని పైకి చేర్చింది. గది తలుపు మీద రంగు కాగితంతో కత్తిరించిన మా అమ్మాయి పేరు అంటించి ఉంది. అది ఆర్.ఏ. చేతి పని. మేము మెట్ల దగ్గరకు వచ్చేసరికే రెక్టర్ ఎదురొచ్చి, మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచి పలకరించారు. వేసవిలో వచ్చిన ఫొటోలు పెట్టుకుని, కొత్త పిల్లలందరి పేర్లూ ముందే నేర్చుకుంటారట. పేరులోని ‘ళ’ అక్షరాన్ని ఎలా పలకాలో రెండుసార్లు అడిగి, తాను పలికి చూపించి, సరిగ్గా వచ్చాకే ముందుకు కదిలారు. ఇంజనీరింగ్ కళాశాలల హాస్టళ్లలో రోల్ నంబరుతో పిలిపించుకుని పెరిగిన మా తరానికి ఇది చాలా పెద్ద విషయం.

తర్వాత నెలల్లో మేము గమనించినది కూడా దీనికి తగినట్లే ఉంది. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలుల వల్ల సౌత్ బెండ్ ప్రాంతంలో మంచు విపరీతంగా కురుస్తుంది. ఎండ మొహం చూడని ఆ డిసెంబరు, జనవరి రోజుల్లోనే ఇంటి మీద బెంగ ఎక్కువవుతుంది. పరీక్షల రోజుల్లో రాత్రిపూట రెక్టర్ గది తలుపు తెరిచి ఉండేదనీ, వెళ్లి కాసేపు కూర్చుని, ఏదో ఒకటి తిని, ఏడవాలనిపిస్తే ఏడ్చి తిరిగి వచ్చిన పిల్లలు చాలామంది ఉండేవారనీ మా అమ్మాయి చెప్పేది. అయితే ఈ ఏర్పాటంతా రెక్టర్ స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. మంచి రెక్టర్ బదిలీ అయి వెళ్లిపోతే హాల్ వాతావరణం మారిపోవచ్చు. భవనం ఎంత కొత్తదో కనుక్కునేవారు, రెక్టర్ ఎవరో, ఎన్నేళ్లుగా ఉన్నారో కూడా తప్పకుండా కనుక్కోవాలి.

హాల్‌ను ఎంచుకునే అవకాశం మాత్రం కొత్త విద్యార్థికి ఉండదు. ఏ హాల్, గదిలో తోడు ఎవరు అన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. ధనవంతుల పిల్లలకు ఒక భవనం, ఇంజనీరింగ్ వారికి ఒక భవనం అన్న విభజన లేదు. ఒకసారి హాల్ వచ్చాక సాధారణంగా విద్యార్థులు క్యాంపస్‌లో ఉన్నన్నాళ్లూ అందులోనే ఉంటారు. ఇతర అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం వారిని ఒక చోట, మిగతావారిని వేరొక చోట ఉంచడం మామూలు. ఇక్కడ నలుగురు మొదటి సంవత్సరం పిల్లల పక్కన ఇద్దరు మూడో సంవత్సరం వారు, ఆ పక్కన నాలుగో సంవత్సరం వారు ఉంటారు. ఏ ప్రొఫెసరు దగ్గర ఏ కోర్సు తీసుకోవాలో, వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో కారిడార్‌లోనే తెలిసిపోతుంది. మన పిల్లలకు అమెరికాలో దొరకనిది సరిగ్గా ఇలాంటి సమాచారమే. అమెరికా కళాశాలల్లో అబ్బాయిలకు ఫ్రటర్నిటీలు, అమ్మాయిలకు సొరోరిటీలు అని ఉండే విద్యార్థి సంఘాలు నోటర్ డేమ్‌లో లేవు. వాటి స్థానాన్ని హాళ్లే తీసుకున్నాయి. ఆటల పోటీలు హాళ్ల మధ్యే జరుగుతాయి. ఫిషర్ హాల్ వారు చెరువులో ఇంట్లో చేసిన పడవలతో పోటీ పెడతారు, కీనన్ హాల్ వారు ఏటా హాస్య ప్రదర్శన ఇస్తారు, డిల్లన్ హాల్‌లో గురువారం రాత్రి కాథలిక్ దివ్యపూజ (మాస్) తర్వాత అందరికీ మిల్క్‌షేక్ ఇస్తారు.

2018లో చేరినవారి నుంచి ఆరు సెమిస్టర్లు, అంటే మూడేళ్లు, క్యాంపస్ హాళ్లలోనే ఉండాలన్న నియమం వచ్చింది. హాల్ సమాజం నిలబడాలంటే సీనియర్లు కొంతకాలం అక్కడే ఉండాలన్న వాదన నాకు సమంజసంగానే కనిపిస్తోంది. కానీ మధ్యతరగతి కుటుంబానికి దీని భారం తెలియాలి. నలుగురు కలిసి బయట ఇల్లు అద్దెకు తీసుకుని, వంట చేసుకుని ఖర్చు తగ్గించుకునే దారి, మన పిల్లలు అమెరికాలో ఎక్కడికి వెళ్లినా పట్టుకునే ఆ దారి, ఇక్కడ మూడేళ్లపాటు మూసుకుపోతుంది.

భవనాల మధ్య తేడా చాలా ఉంది. 2008లో వచ్చిన డంకన్, 2016లో వచ్చిన డన్, ఫ్లాహర్టీ, 2019 నాటి బామర్ వంటి కొత్త హాళ్లలో గదులు విశాలంగా, ఏసీతో, లిఫ్టులతో సౌకర్యంగా ఉంటాయి. పూర్తిగా బాగుచేయని పాత హాళ్లలో ఏసీ ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కిటికీలో చతురస్రపు ఫ్యాన్ పెట్టుకుని, మంచాన్ని ఎత్తు చేసి, దాని కింద చదువు బల్ల ఇరికించుకుని సర్దుకోవాలి. స్నానాల గదులు అంతస్తు అంతటికీ ఉమ్మడి. గది నిర్ణయం తమ చేతుల్లో లేదు కనుక, ఒకే విశ్వవిద్యాలయంలో ఇద్దరు పిల్లలకు ఇంత వ్యత్యాసమైన వసతి దొరకడం న్యాయంగా అనిపించదు. పాత భవనాలను ఒక్కొక్కటిగా బాగుచేసే పని సాగుతోంది. అది పూర్తయ్యేవరకు ఈ లోటు తప్పదు.

మతం విషయం మన కుటుంబాలు మొహమాటం లేకుండా అడగాలి, నేనూ మొహమాటం లేకుండా చెబుతాను. డిగ్రీ విద్యార్థుల్లో సుమారు ఐదింట నాలుగు వంతుల మంది కాథలిక్కులు. ప్రతి హాల్‌లోనూ చాపెల్, అంటే చిన్న ప్రార్థనాలయం, ఉంటుంది. ఆదివారం రాత్రి హాల్ పూజకు పిల్లలు చదువు దుస్తుల్లోనే, కొందరు చెప్పులతోనే దిగి వస్తారు. రావాలన్న నిర్బంధం లేదు. రానివారిని ఎవరూ వేరుగా చూడరు. మా అమ్మాయి గదిలో బల్ల మీద వేంకటేశ్వరస్వామి పటం నాలుగేళ్లూ ఉంది. గుంటూరు, కృష్ణా జిల్లాల కాథలిక్ కుటుంబాల పిల్లలకైతే ఇది పుట్టింటి వాతావరణమే. గుణదల కొండకు వెళ్లినవారు, క్యాంపస్‌లో 1896లో కట్టిన లూర్దుమాత గుహ ముందు కొవ్వొత్తులు చూడగానే పోల్చుకుంటారు. హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు మాత్రం, హాల్ జీవితంలోని ముఖ్యమైన ఘట్టాలు చాలా క్రైస్తవ పండుగల చుట్టూ తిరుగుతాయన్న సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి. థియాలజీ (దైవశాస్త్రం) రెండు కోర్సులు అందరూ చదవవలసిందే. దీపావళికి ఇంటి వాతావరణం కావాలంటే భారతీయ విద్యార్థుల సంఘం మీద ఆధారపడాలి, లేదా రెండు మూడు గంటలు ప్రయాణించి షికాగో దగ్గరి అరోరా బాలాజీ గుడికి వెళ్లాలి.

భోజనం హాళ్లలో ఉండదు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పెద్ద భోజనశాలలు ఉన్నాయి. దక్షిణాన ఉన్నది 1927 నాటిది, ఎత్తైన కప్పుతో చూడదగిన కట్టడం. శాకాహారులకు సలాడ్లు, పాస్తా, బీన్స్, పిజ్జా ఎప్పుడూ దొరుకుతాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలపు శుక్రవారాల్లో మాంసం వడ్డించరు గనుక ఆ రోజుల్లో మాంసం లేని వంటకాలు మరికొన్ని ఉంటాయి. అన్నం, పప్పు, పెరుగు రోజూ ఉండవలసిన పిల్లలకు మొదటి సంవత్సరం కష్టంగానే గడుస్తుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఒకే లింగానికి చెందినవారిని తరతరాలుగా ఒకే కప్పు కింద ఉంచినప్పుడు అక్కడ పుట్టే సంప్రదాయాలన్నీ మంచివే అయి ఉండవు. 1937 నాటి జామ్ హాల్ అబ్బాయిల సమాజాన్ని, అక్కడి వాతావరణాన్ని చక్కదిద్దడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదంటూ 2021లో విశ్వవిద్యాలయమే రద్దు చేసింది. మరమ్మతులు జరిగే హాళ్ల విద్యార్థులను తాత్కాలికంగా ఉంచడానికి ఆ తర్వాత ఆ భవనాన్ని వాడారు. విభజన ఉన్నంత మాత్రాన మద్యం ఉండదని భావించడం కూడా సరికాదు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వకూడదన్న చట్టం అమెరికా అంతటా ఉన్నా, వారాంతపు రాత్రులు అన్ని క్యాంపస్‌లలో ఉన్నట్లే ఇక్కడా ఉంటాయి. స్త్రీ, పురుషుడు అన్న రెండు గడుల్లో ఇమడని విద్యార్థులకు ఈ ఏర్పాటు ఇబ్బందికరమే. అమ్మాయిలు, అబ్బాయిలు ఒకరితో ఒకరు సహజంగా, తోటి మనుషులుగా మెలగడం నేర్చుకునే వయసులో, గడియారం పన్నెండు కొట్టగానే లేచి వెళ్లిపోవలసి రావడం ఆ స్నేహాలను కొంత కృత్రిమం చేస్తుందని విద్యార్థులే అంటారు. ఆ మాటలో నిజం ఉంది.

ఇతర మత విశ్వవిద్యాలయాలతో పోలిస్తే నోటర్ డేమ్ మధ్యస్థంగా ఉంటుంది. ఉటా రాష్ట్రంలో మోర్మన్ సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో, పెళ్లికాని విద్యార్థులకు క్యాంపస్ బయట అద్దె ఇళ్లలో కూడా ఈ విభజన వర్తిస్తుంది, కాఫీ, టీలు కూడా తాగకూడదు. వాషింగ్టన్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయం ఇద్దరినీ ఒకే భవనంలో ఉంచే పద్ధతిని కొన్నాళ్లు నడిపి, 2011లో అధ్యక్షులు జాన్ గార్వే నిర్ణయంతో మళ్లీ వెనక్కు మళ్లింది. అది వివక్ష అంటూ ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు వేసిన ఫిర్యాదు నిలబడలేదు.

నా అంచనాలో ఈ వసతికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వవచ్చు. తగ్గించిన మార్కు భవనాల మధ్య తేడాకూ, మూడేళ్ల నిర్బంధానికీ. నలుగురిలో కలిసిపోయే స్వభావం ఉండి, ఇంటికి దూరంగా మొదటిసారి వెళ్తున్న పిల్లలకు దీనికి మించిన ఏర్పాటు అమెరికాలో నేను చూడలేదు. ఒంటరిగా ఉంటేనే చదువు సాగే పిల్లలకూ, తన వంట తాను వండుకోవాలనుకునే పిల్లలకూ ఇది తగదు, వారిని బలవంతంగా పంపవద్దు. చూడటానికి వెళ్లేవారు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం వెళితే జనంలో ఏమీ తెలియదు. మామూలు వారంలో ఒక సాయంత్రం వెళ్లి, అనుమతి తీసుకుని ఒక పాత హాల్‌నూ ఒక కొత్త హాల్‌నూ రెండింటినీ చూడాలి. ఆస్తమా వంటి ఆరోగ్య కారణాల వల్ల ఏసీ తప్పనిసరి అయిన పిల్లలు, డాక్టరు చీటీ జతచేసి ముందే దరఖాస్తు పెట్టుకుని, విశ్వవిద్యాలయం జవాబు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే సీటుకు అంగీకారం తెలిపి డబ్బు కట్టాలి.